తల్లిదండ్రుల నెత్తిన వేసే నిందలు: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు నేర్పడం నా వృత్తి. మా గదిలోకి వచ్చే తల్లుల్లో చాలామంది కుర్చీ అంచున కూర్చుని ముందుగా తమ తప్పుల చిట్టా విప్పుతారు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయటికి వచ్చామంటారు. ఉద్యోగానికి వెళ్తూ బిడ్డను అవ్వ దగ్గర వదిలేశామంటారు. అన్నం తినిపించడానికి ఫోను చేతికిచ్చామంటారు. పిల్లవాడి సంగతి నేను అడిగేసరికి అరగంట గడుస్తుంది. ఆ అరగంట అలా పోవడానికి కారణమైన మాటలు కొన్ని ఉన్నాయి. ఇరుగుపొరుగు, బంధువులు, ఒక్కోసారి ఉపాధ్యాయులు కూడా అనే మాటలే అవి. వాటి గురించే రాస్తున్నాను.

అపోహ: తల్లి శ్రద్ధగా కూర్చోబెట్టి చదివించకపోవడం వల్లే పిల్లలకు చదవడం రాదు.

మూడో తరగతి చదివే కొడుకును వెంటబెట్టుకుని ఒకావిడ వచ్చారు. సంచిలోంచి ఏడు నోటుపుస్తకాలు తీసి నా ముందు పెట్టారు. అన్నీ ఇంట్లో రాయించినవే. ఒక పేజీలో పై వరుసన ఆమె చేతిరాతతో 'చెట్టు' అని ఉంది. కింద పిల్లవాడు నాలుగుసార్లు సరిగానే రాశాడు. ఐదోసారికి ఒత్తు పోయి 'చెటు' అయింది. పదోసారికి 'చటు'. పేజీ చివరికి 'టచు'. రబ్బరుతో చెరిపి చెరిపి అక్కడ కాగితం చిల్లు పడింది. శ్రద్ధ లేని ఇంట్లో రబ్బరు అంతగా అరగదు.

పుస్తకాలు మూసి, రోజుకో వేషం కట్టే మా ఊరి గంగ జాతర చూశావా అని పిల్లవాడిని అడిగాను. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం... రోజుల వరుస తప్పకుండా చెప్పాడు. దొర వేషానికి ఒంటికి ఏం పూస్తారో కూడా చెప్పాడు. జ్ఞాపకశక్తి, మాట, వివరించే నేర్పు అన్నీ ఉన్నాయి. అక్షరం దగ్గరే చిక్కు.

ఈ చిక్కునే డిస్లెక్సియా అంటారు. శబ్దానికీ అక్షరానికీ ముడి వేసే పని మెదడులో జరిగే తీరులో ఉన్న తేడా ఇది. బుద్ధిమాంద్యం వేరు, ఇది వేరు. పెంపకం వల్ల రాదు, మందులతో పోదు. క్రమపద్ధతిలో, ఓపికగా నేర్పితే చదవడం మెరుగవుతుంది.

తెలుగువాళ్లం ఇక్కడ ఒక విషయం గమనించాలి. డిస్లెక్సియా అనగానే ఇంగ్లీషులో బి, డి అక్షరాలు తారుమారు కావడమే అందరూ చెబుతారు. తెలుగు రాతలో అది వేరే చోట బయటపడుతుంది. దీర్ఘాలు జారిపోతాయి, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చెరిగిపోతుంది, ఒత్తులు రాలిపోతాయి. 'పాలకూర' 'పలకర' అవుతుంది. మ, య కలిసిపోతాయి. ఇంకొకటి, మన భాషలో రాసినట్టే చదువుతాం కాబట్టి కూడబలుక్కుంటే పిల్లలు చివరికి సరిగ్గానే చదివేస్తారు. తప్పులు లేవు కదా అని బడిలో వదిలేస్తారు. ఒక్క వాక్యానికి ఎంతసేపు పట్టిందో చూడండి. చదివాక ఆ పిల్లవాడి ముఖం ఎంత అలసిపోయిందో చూడండి.

అపోహ: రోజూ ఇంకో రెండు గంటలు కూర్చోబెడితే అదే వస్తుంది.

వచ్చేది ఏడుపే. ఇరవై నిమిషాలు చాలు. ఒక రోజుకు ఒక్క గుణింతపు గుర్తు, దాని శబ్దం, ఆ గుర్తు ఉన్న నాలుగు మాటలు. నేను పళ్లెంలో బియ్యం పోసి వేలితో దిద్దిస్తాను. అక్షరాభ్యాసం నాడు మనమందరం చేసిన పనే. మిగతా పాఠాలు తల్లో తండ్రో చదివి వినిపించవచ్చు, జవాబులు నోటితో చెప్పించుకోవచ్చు. సామాన్యశాస్త్రం తెలుసుకోవడానికి పిల్లవాడు తెలుగు అక్షరంతో కుస్తీ పట్టి గెలవాలన్న నియమం ఏమీ లేదు. అలా చదివి వినిపిస్తే సోమరితనం అలవాటవుతుందని భయపడే తల్లిదండ్రులకు నేను ఒకటే చెబుతాను: వినడం కూడా చదువే.

అపోహ: వాళ్ల నాన్నకూ ఇలాగే ఉండేది, ఆయన బాగుపడలేదా?

రేణిగుంట నుంచి కూతురిని తీసుకువచ్చిన ఒక తండ్రికి దరఖాస్తు ఇస్తే, కళ్లజోడు మరిచిపోయానని భార్యకు అందించారు. మూడోసారి వచ్చినప్పుడూ కళ్లజోడు తేలేదు. ఆ రోజు అమ్మాయి చదివే తీరు నేను వివరిస్తుంటే మధ్యలో ఆపి, "నాకు ఎప్పుడూ కళ్లజోడు లేదు మేడమ్" అన్నారు. ఏడో తరగతిలో దెబ్బలకు తాళలేక బడి మానేశారట. ఇప్పుడు లారీల మరమ్మతు షెడ్డు నడుపుతున్నారు. ఇంజను చప్పుడు విని లోపం ఎక్కడుందో చెప్పగలరట. ముప్పై ఏళ్లుగా ఇంట్లో ఎవరికీ తెలియకుండా దాచుకున్న మాట అది. పక్కనే కూర్చున్న భార్యకు కూడా అప్పుడే తెలిసింది.

డిస్లెక్సియా వంశంలో నడవడం సాధారణం. నాన్నకూ ఇలాగే ఉండేదన్నది పరీక్ష చేసేవారికి చాలా పనికొచ్చే ఆధారం, తప్పక చెప్పండి. ఆయన బాగుపడ్డారన్నది నిజమే. ఆయన ఎంత బాధపడి బాగుపడ్డారో ఒక్కసారి అడగండి. ఇది మగపిల్లలకే వస్తుందనుకోవడం కూడా పొరపాటు. ఆడపిల్లలు వెనక బల్ల మీద నిశ్శబ్దంగా కూర్చుంటారు కాబట్టి ఎవరి కంటా పడరు.

అపోహ: ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడాలి, లేకపోతే పిల్లలకు అయోమయం.

ఈ సలహా విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. చిత్తూరు జిల్లాలో ఇంట్లో తెలుగు, అవ్వతో తమిళం మాట్లాడే కుటుంబాలు కొల్లలు. కుప్పం, పలమనేరు వైపు కన్నడం కూడా కలుస్తుంది. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు, ఆటిజం రాదు, డిస్లెక్సియా రాదు. రాని ఇంగ్లీషులో మాట్లాడాలని తల్లిని నిర్బంధిస్తే ఆమె మాట్లాడటమే తగ్గించేస్తుంది. కథలు ఆగిపోతాయి, లాలింపు ఆగిపోతుంది. బిడ్డకు అందవలసిన మాటల్లో సగం అలా పోతాయి. మీకు ఏ భాషలో కోపం, ముద్దు సహజంగా వస్తాయో ఆ భాషలోనే మాట్లాడండి.

అపోహ: మాటలు ఆలస్యంగా వస్తే కంగారు లేదు, మేనమామ పోలిక. వస నాకిస్తే చాలు.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నరకు కావలసినది వేలితో చూపకపోయినా, రెండేళ్లకు 'అమ్మ రా', 'పాలు కావాలి' వంటి రెండు మాటల కూర్పు రాకపోయినా ఆగవద్దు. ముందు చేయించవలసింది వినికిడి పరీక్ష. చెవి వినపడని బిడ్డకు ఎంత వస నాకించినా మాట రాదు. వినికిడి లోపమని తేలితే, అటువంటి చిన్నపిల్లలకు మాట నేర్పే 'శ్రవణం' కేంద్రాన్ని తిరుమల తిరుపతి దేవస్థానం మన ఊళ్లోనే నడుపుతోంది.

శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించాక వస్తామని కొందరంటారు. పూజ చేయించుకోండి, మీ మనసుకు అది బలం. అదే వారంలో పరీక్షకూ రండి. మాట నేర్చుకునే తొలి ఏళ్లు మళ్లీ రావు.

అపోహ: వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే జీవితాంతం ముద్ర పడుతుంది.

ముద్ర అప్పటికే పడి ఉంటుంది: మొద్దు, సోమరి, పొగరు. ధ్రువపత్రం ఆ మాటలను కొట్టివేసే కాగితం. 1995 నాటి వికలాంగుల చట్టంలో డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలకు చోటు లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అవీ ఉన్నాయి, ఆటిజమూ ఉంది. మన రాష్ట్రంలో వైకల్యాన్ని పరీక్షించే సదరం శిబిరం ద్వారా ధ్రువపత్రం ఇస్తారు. చట్టప్రకారం వచ్చే ప్రయోజనాల్లో చాలావాటికి కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. అభ్యసన వైకల్యానికి ఎనిమిదేళ్ల వయసు నుంచి ధ్రువీకరణ చేస్తారు. 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్షిస్తారు. అంతవరకు సాయం ఆపాలని ఎవరూ అనలేదు. అక్షరాల దగ్గర తడబాటు ఒకటో తరగతిలో కనిపిస్తే ఒకటో తరగతిలోనే మొదలుపెట్టాలి.

రాతపరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. పదో తరగతి రాయితీలు బోర్డును బట్టి మారతాయి. తొమ్మిదో తరగతి మొదట్లోనే బడిలో అడిగి కాగితాలు సిద్ధం చేసుకోండి. హాల్‌టికెట్లు వచ్చాక పరుగెత్తే తల్లిదండ్రులను ప్రతి మార్చిలోనూ చూస్తున్నాను.

అపోహ: ఇలాంటి పిల్లలకు ప్రత్యేక పాఠశాలే దారి.

కొందరికి అవసరం. ఎక్కువమందికి మామూలు బడే సరిపోతుంది. వైకల్యం ఉందని చేర్చుకోకపోవడం 2016 చట్టానికి విరుద్ధం. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. మీ మండలంలో ఎక్కడుందో మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయంలో అడగండి.

అపోహ: తల్లిదండ్రులకు కాస్త ధైర్యం చెబితే చాలు.

ధైర్యం చెప్పేవాళ్లకు కొదవ లేదు. వేలూరులో ఫలానా డాక్టరు, బెంగళూరులో ఫలానా చికిత్స అని ఫోనులో పంపేవాళ్లకూ కొదవ లేదు. ఆ తల్లికి కావలసింది చేతిసాయం. వారానికి ఒక సాయంత్రం రెండు గంటలు పిల్లవాడిని ఎవరైనా చూసుకుంటే ఆమె నిద్రపోతుంది. తండ్రి సెలవు పెట్టి ఒక్కసారైనా మా దగ్గరికి వస్తే, నేను చెప్పినదంతా ఇంటికి వెళ్లి ఆమె ఒక్కతే అత్తమామలకు అప్పజెప్పవలసిన పని తప్పుతుంది. ఇదే దారిలో రెండేళ్లు ముందు నడిచిన మరో తల్లి ఫోను నంబరు, ఆమె ఒప్పుకుంటే, నా పది సలహాల కంటే ఎక్కువ పని చేస్తుంది. తోబుట్టువులనూ మరవకండి. అన్న కోసం అన్నీ సర్దుకుపోయే చెల్లెలికి కూడా అమ్మతో తనొక్కతే గడిపే గంట ఒకటి కావాలి.

ఆ ఏడు నోటుపుస్తకాల ఆవిడ సదరం శిబిరానికి వెళ్లిన రోజు వెంట ఆడపడుచు వెళ్లింది. అంతకుముందు ఇంట్లో అందరికంటే ఎక్కువగా తప్పుపట్టింది ఆమేనట. ఆ రోజు కాగితాల సంచి పట్టుకుని వరుసలో నిలబడింది ఆమె. వాళ్ల వంతు వచ్చేవరకు తల్లి చెట్టు కింద కూర్చుని పిల్లవాడికి పెరుగన్నం తినిపించి, తానూ తిన్నది.