వెనక్కి జరిగితే కోణం పెరుగుతుందా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆఖరి నిమిషాన ఒక సలహా తరచూ వినబడుతుంది: బంతి గోల్‌కి మరీ దగ్గరగా, పైగా ఓ పక్కకి ఉంది, కావాలనే తప్పు చేసి ఐదు గజాల పెనాల్టీ తీసుకుంటే, అంటే శిక్షగా బంతిని అంత వెనక్కి జరిపించుకుంటే, దాన్ని గోల్‌పోస్టుల మధ్యకి తన్నే కిక్కర్‌కి కోణం బాగుంటుందని. నిజమేనా అని ఒక పాఠకుడి ప్రశ్న. కాదు. పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానుకోవడం లాంటిదే ఇదీ.

బంతి రెండు గోల్‌పోస్టుల మధ్యనుంచి, వాటిని కలిపే అడ్డకడ్డీ (క్రాస్‌బార్) మీదుగా వెళ్లాలి. ఆ పోస్టుల మధ్య వెడల్పు 18 అడుగుల 6 అంగుళాలు. మైదానం పొడవునా రెండు వరసల్లో హ్యాష్ గీతలుంటాయి; ఆటగాడు ఎంత అంచుకి వెళ్లి పడ్డా తర్వాతి ఆటకి బంతిని ఆ గీత దగ్గరికి తెచ్చి పెడతారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఆ రెండు వరసల మధ్య దూరం సరిగ్గా గోల్‌పోస్టుల వెడల్పే. కాలేజీలో 40 అడుగులు. కాబట్టి మైదానం నడిమధ్యకి 20 అడుగులు పక్కనుంచి తన్నాల్సి రావచ్చు. అప్పుడు దగ్గరి పోస్టు 10.75 అడుగులు, అవతలి పోస్టు 29.25 అడుగులు పక్కకి ఉంటాయి.

ఈ రెండూ గుణించి వర్గమూలం తీయండి: 17.7 అడుగులు. గుమ్మం, అంటే పోస్టుల మధ్య ఖాళీ, అన్నిటికన్నా వెడల్పుగా కనబడేది అంత దూరం నుంచి. అంతకన్నా దగ్గరికెళితేనే ఓరగా సన్నబడుతుంది. కానీ కిక్కర్ అంత దగ్గరికి రాలేడు. గోల్ గీతకీ పోస్టులకీ మధ్య ఉండే ఎండ్ జోన్ 10 గజాలు, బంతిని నేలమీద నిలబెట్టి పట్టుకునే హోల్డర్ కూర్చునేది స్నాప్ గీతకి (ఆట మొదలుపెడుతూ బంతిని వెనక్కి అందించే చోటికి) మరో 7 గజాల వెనక. వెరసి కనీసం 51 అడుగులు. అందుకే వెనక్కెళ్లిన ప్రతిసారీ నష్టమే. 18 గజాల నుంచి గుమ్మం 17.2 డిగ్రీల వెడల్పుగా కనబడుతుంది, 23 గజాల నుంచి 14.1.

మరి భ్రమ ఎక్కడిది? కిక్కర్ పక్కకి తిరగాల్సిన కోణం 20 డిగ్రీల నుంచి 16కి తగ్గుతుంది. అది వేరే కోణం. త్రికోణమితి అంటే టవరూ, దాని నీడా అని నేర్పితే ఈ తేడా పట్టుబడదు.

బంతిని మధ్యకి తెచ్చుకోవడంలో మాత్రం లాభముంది, కొంతవరకే. 20 గజాల దగ్గర, మధ్యకి రావడానికి రెండు గజాలు పోగొట్టుకున్నా లెక్క సరిపోతుంది. 40 గజాల దగ్గర ఒక గజానికి మించి పోగొట్టుకుంటే దండగ.

గడియారం సంగతి: స్పైక్ చేసి, అంటే బంతిని వెంటనే నేలకేసి కొట్టి, గడియారాన్ని ఆపాలంటే కనీసం 3 సెకన్లుండాలి. టైమౌట్ (గడియారం ఆపించే అవకాశం), సమయం మిగిలుంటే నాలుగు ప్రయత్నాల్లో మూడోదైన మూడో డౌన్‌లోనే తన్నడం మేలు. స్నాప్ చెడితే హోల్డర్ బంతిమీద పడిపోతాడు, నాలుగో డౌన్‌లో మళ్లీ తన్నొచ్చు.

మరీ దూరమైతే కోణం కన్నా పెద్ద గండం ఇంకొకటుంది: దూరం చాలక పడే బంతి ఆటలోనే ఉంటుంది. 2013లో అలబామా, ఆబర్న్ కాలేజీ జట్లు 28-28తో సమంగా ఉన్నాయి. మిగిలింది ఒక్క సెకను. అలబామా 57 గజాల నుంచి తన్నింది. బంతి క్రాస్‌బార్ దాకా చేరలేదు. దాని కోసమే ఎండ్ జోన్‌లో కాచుకున్న ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ అందుకుని మైదానం ఆ చివరిదాకా పరిగెత్తాడు. తన్నే జట్టులో ఎక్కువమంది అడ్డుగోడగా నిలబడే భారీ లైన్‌మెన్. వాళ్లు అతన్ని అందుకోలేకపోయారు. ఆబర్న్ 34-28తో గెలిచింది.