గ్రూపు పోయి మైనర్ వచ్చింది

2023-24లో ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీలో చేరిన పిల్లలకు పాత గ్రూపులు కనబడలేదు. హెచ్‌ఈపీ, ఎంపీసీ, బీజడ్‌సీ అంటూ మూడేసి సబ్జెక్టులను కలిపి కట్టిన కట్ట విప్పేశారు. దాని బదులు ఒక మేజర్, అంటే లోతుగా చదివే ప్రధాన సబ్జెక్టు; రెండో సెమిస్టర్ నుంచి ఒక మైనర్, అంటే దాని పక్కన కొద్దిగా చదివే రెండో సబ్జెక్టు. ఇళ్లల్లో టెన్షన్ మొదలైంది. ఫిజిక్స్ మేజర్ తీసుకుంటే మరి మ్యాథ్స్ ఏమైపోతుంది? రేపు పీజీకి, బీఈడీకి పనికొస్తుందా? కాలేజీ గుమ్మం దగ్గర తల్లిదండ్రులు అడిగినవి ఇవే. హిస్టరీ మేజర్‌తో పాటు సంగీతమో, స్టాటిస్టిక్సో చదవొచ్చా అని అడిగినవాళ్లు తక్కువ. అసలీ ఏర్పాటు పెట్టిందే అలాంటి కోరిక కోసం.

మేజర్, మైనర్ అనే మాటలు అమెరికావి. 1870ల్లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో వాడుకలోకి వచ్చాయి. అదే కాలంలో హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ తప్పనిసరి సబ్జెక్టులను ఒక్కొక్కటిగా తీసేసి, ఏం చదవాలో విద్యార్థి ఇష్టానికే వదిలేశాడు. 1869 నుంచి 1909 దాకా నలభై ఏళ్లు ఆయనే అధ్యక్షుడు. పిల్లలు పిల్లలే కదా, చాలామంది తేలికైన మొదటి మెట్టు కోర్సులే ఏరుకున్నారు. తర్వాత వచ్చిన లారెన్స్ లోవెల్ పగ్గాలు బిగించాడు: ఒక విషయం లోతుగా చదవాలి, మిగతావి వేర్వేరు రంగాల నుంచి తీసుకోవాలి. మేజర్‌తో పాటు ఇంకేదో చదవాలనే నియమం వెనక ఉన్నది ఈ సర్దుబాటే.

మన దారి వేరు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు లండన్ యూనివర్సిటీ నమూనాలో పుట్టాయి. మొదట్లో వాటి ముఖ్యమైన పని పరీక్షలు పెట్టి పట్టాలివ్వడం. ఏ సబ్జెక్టు పక్కన ఏది ఉండాలో పైవాళ్లే తేల్చేవాళ్లు. మన గ్రూపులకు ఆ పోలికే వచ్చింది. ఒక్క మాట మాత్రం గ్రూపుల తరఫున చెప్పాలి. హిస్టరీ, ఎకనమిక్స్, పొలిటికల్ సైన్స్ మూడూ సమానంగా చదివిన పాత బీఏ కుర్రాడిది ఇరుకు చదువు కాదు. అతనికి లేనిది ఎంచుకునే వీలు. అది కూడా డిగ్రీకి రాకముందే పోయేది. పదో తరగతి కాగానే ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా అని తేల్చేశాక ఇంకేం మిగులుతుంది?

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ వేశారు. ఆయన 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్‌ఛాన్సలర్‌గా పనిచేసినవాడే. సభ్యుల్లో జాకిర్ హుస్సేన్, మేఘనాథ్ సాహాలతో పాటు ఆర్థర్ మోర్గాన్, జాన్ టిగర్ట్ అనే ఇద్దరు అమెరికన్లు ఉన్నారు. 1949 నివేదిక రెండు పెద్ద మాటలు చెప్పింది. పన్నెండేళ్ల చదువు తర్వాత మూడేళ్ల డిగ్రీ, సైన్స్ విద్యార్థికైనా ఆర్ట్స్ విద్యార్థికైనా జనరల్ ఎడ్యుకేషన్, అంటే తన సబ్జెక్టు బయటి విషయాలూ చదవడం. మొదటిది ఆలస్యంగానైనా నిలబడింది. రెండోది వచ్చి వచ్చి ఒక పేపరైంది.

ఆ పేపర్ ఎలా ఉండేదో మన దగ్గర డిగ్రీ చదివిన చాలామందికి గుర్తే. ఇండియన్ హెరిటేజ్ అండ్ కల్చర్, సైన్స్ అండ్ సివిలైజేషన్. పేర్లు ఘనం, చదువు మాత్రం పరీక్ష ముందు రాత్రి, గైడ్ ముందేసుకుని. పర్యావరణం పేపర్ కథ ఇంకోటి. 1991లో పర్యావరణ న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పబట్టి అది తప్పనిసరైంది. మన దగ్గర 2015-16లో సీబీసీఎస్ (ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్) వచ్చినప్పుడు మానవ విలువలు, కమ్యూనికేషన్, లీడర్‌షిప్ వంటి ఫౌండేషన్ (పునాది) కోర్సులు కూడా వరసలో చేరాయి. ఛాయిస్ అన్న మాట విధానం పేరులోనే ఉంది. కానీ ఈ కోర్సులు అందరికీ అవే.

ఢిల్లీ యూనివర్సిటీలో ఇదే తంతు పెద్దయెత్తున జరిగింది. 2013లో నాలుగేళ్ల డిగ్రీ, అందులో అందరికీ పదకొండు ఫౌండేషన్ కోర్సులు. టీచర్లు, విద్యార్థులు రోడ్డెక్కారు. 2014 జూన్‌లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) చెప్పడంతో ఏడాదికే వెనక్కి తీసుకున్నారు. ఆరేళ్లకు, 2020 జాతీయ విద్యా విధానంతో, నాలుగేళ్ల డిగ్రీ మళ్లీ వచ్చింది. 2022 డిసెంబర్‌లో యూజీసీ లెక్క కూడా కట్టింది: మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు (ఏ కోర్సుకు ఎంత చదువో కొలిచే లెక్క). అందులో మేజర్‌కు 60, మైనర్‌కు 24, వేరే రంగాల కోర్సులకు 9.

ఇంజనీరింగ్‌లో మైనర్ అంతకు ముందే వచ్చింది. 2018లో సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ బీటెక్‌ను 160 క్రెడిట్లకు కుదించి, మరో 18-20 క్రెడిట్లు చేస్తే మైనర్ ఇవ్వొచ్చంది. సివిల్, మెకానికల్ పిల్లలు దాన్ని ఏఐకో, డేటా సైన్స్‌కో వాడుకుంటున్నారు. ఉద్యోగం బెంగ అది, తప్పనలేం. హార్వర్డ్ కుర్రాళ్లు తేలికైనవి ఏరుకున్నారు, మనవాళ్లు ప్లేస్‌మెంట్ ఉన్నవి ఏరుకుంటున్నారు.

డిగ్రీ కాలేజీలో ఏరుకునే వీలూ తక్కువే. ఒక సబ్జెక్టుకు ఒక్క లెక్చరర్ ఉన్న చోట, ఆయన మేజర్ క్లాసులు పోను మిగిలిన గంటలే మైనర్. ఆయన రిటైరై పోస్టు ఖాళీగా ఉంటే ఆ సబ్జెక్టు జాబితాలోంచే పోతుంది. మైనర్ల జాబితా నోటీసు బోర్డెక్కే ముందు ప్రిన్సిపాల్ చూసేది స్టాఫ్ రిజిస్టర్.