పేకాటలో గుండె దడ: ల్యాబులో ఒకలా, పందెంలో ఒకలా

రమ్మీలో పదమూడు ముక్కలు పంచారు, లైఫ్ (జోకర్ లేని వరస) కుదిరింది, షో కొట్టడానికి ఒక్క ముక్కే తక్కువ. విజయవాడలో డాబా మీద పైసా పెట్టకుండా కూర్చున్నా ఈ చెయ్యి వస్తుంది, పందెం కాసే చోటా వస్తుంది. ముక్కలు అవే అయినా ఒంట్లో జరిగేది వేరు.

1984లో ఆండర్సన్, బ్రౌన్ అనే పరిశోధకులు దీన్ని కొలిచి చూపారు. నిజమైన క్యాసినోలో బ్లాక్‌జాక్ అనే పేకాట ఆడినప్పుడు గుండె వేగం సగటున నిమిషానికి 23 పెరిగింది, ఒక్కోరిలో 50 కూడా దాటింది. క్యాసినోలా సర్దిన ల్యాబు గదిలో మాత్రం పెరిగింది అంతంతే. 2000లో జర్మనీలో మేయర్ బృందం డబ్బు ఆటనూ, ఉత్త పాయింట్ల ఆటనూ పోల్చింది. డబ్బు పెట్టినప్పుడే గుండె వేగంతో పాటు లాలాజలంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ కూడా ఎక్కువైంది.

సంక్రాంతికి గన్నవరం వైపు కోడిపందేల బరి దగ్గర ఇదే కొలవాలంటే తిప్పలు చాలానే ఉన్నాయి. నిలబడితేనే గుండె వేగం పెరుగుతుంది, టీ, సిగరెట్టు ఇంకొంచెం పెంచుతాయి. అందుకే ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి మామూలు వేగం రాసుకోవాలి. చేతులు ఊపుతూ కేకలేసే మనిషికి మణికట్టు వాచీ తప్పులు చూపిస్తుంది, ఛాతీ పట్టీ నయం. వేళ్ల చెమటలో మార్పు ఒకటి నుంచి మూడు సెకన్లలో తెలుస్తుంది గానీ, ఎండకి చెయ్యి ముందే తడిసి ఉంటే ఆ కొలత దండగే. కార్టిసాల్ పైకి లేవడానికి 20–30 నిమిషాలు పడుతుంది. పైగా అది పొద్దున ఎక్కువ, రాత్రికి తక్కువ. ఉదయం తీసిన నమూనాతో రాత్రి ఆటను పోలిస్తే లెక్క తలకిందులే.

ఇన్ని కొలిచినా ఆ ఊపు సంతోషమో భయమో పరికరం చెప్పదు, ఆడేవాణ్ణే అడగాలి. ఫలితం కోసం ఎదురుచూసే ఘడియ కూడా తక్కువదేమీ కాదు. 2003లో కోతుల మీద చేసిన ప్రయోగంలో, బహుమతి వచ్చే అవకాశం సగానికి సగం ఉన్నప్పుడే, ఆ ఎదురుచూపులో మెదడులో బహుమతికి స్పందించే డోపమైన్ కణాల చురుకు బాగా పెరుగుతూ పోయింది. జోడీ సమంగా కుదిరిన పందెంలో జనం ఊపిరి బిగబట్టడం వెనక ఇలాంటిదే ఉండొచ్చని నా ఊహ.

ఫోన్లో, స్లాట్ మెషీన్ల మీద బరీ లేదు, జనమూ లేరు. అక్కడ పని చేసేది వేగం, మోత. పది రూపాయలు పెడితే నాలుగు తిరిగొస్తాయి, అయినా గెలిచినట్టే పాట మోగుతుంది, దీపాలు వెలుగుతాయి. 2010లో కెనడాలో స్లాట్ ఆటగాళ్ల మీద డిక్సన్ బృందం చూసింది ఇలాంటి ఓటమినే: నికరంగా డబ్బు పోయినా, చర్మం (చెమట కొలతలో) గెలుపుకి స్పందించినట్టే స్పందించింది.