ఫోర్జింగ్ ప్రెస్‌కి టన్నులొక్కటే చాలవు: అపోహలు - వాస్తవాలు

కాల్చిన ఇనుమును నొక్కి సాగదీసే ఫోర్జింగ్ ప్రెస్ సొంతంగా కట్టుకుంటూ, మొన్న పలాస వైపు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, ముప్పై టన్నుల జాకీ కొనీసినాను, ఫ్రేమ్ కూడా వెల్డింగ్ చేయించీసినాను. కమాన్ పట్టీ ఎర్రగా కాల్చి పెడితే ఏటీ నొక్కట్లేదు." గొంతులో ఏడుపొక్కటే తక్కువ. రెండేళ్లు దాచుకున్న డబ్బు అందులో పెట్టాడు. విజయనగరంలో హైడ్రాలిక్ పనులు చేసే నా దగ్గరకు ఇదే బాధతో ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు.

అపోహ: టన్నులు ఎంత ఎక్కువైతే ప్రెస్ అంత బాగా పనిచేస్తుంది.

వాస్తవం: కాలిన ఇనుము మన కోసం ఆగదు. కొలిమిలోంచి తీసినప్పుడు నారింజ రంగులో, సుమారు 1100 డిగ్రీల దగ్గర ఉంటుంది. చల్లటి డైలు (ప్రెస్‌లో ఇనుమును నొక్కే దిమ్మెలు) తగిలాయంటే వేడంతా లాగేస్తాయి. నిమిషం తిరక్కముందే ముదురు ఎరుపులోకి దిగిపోతుంది. ఇక నొక్కినా సాగదు, పైగా పగుళ్లొస్తాయి. చేతి జాకీ లివర్ ఒకసారి కొడితే రామ్ (డైని తోసే కడ్డీ) కదిలేది మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో. 30 టన్నులూ నిజమే, అవి వచ్చేసరికి పట్టీ చల్లారిపోయి ఉంటుంది.

లెక్క చూడండి. 125 మి.మీ. బోర్ (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్‌కి 160 బార్ ప్రెషర్ ఇస్తే 20 టన్నులు. నిమిషానికి 16 లీటర్లు తోసే పంపు పెడితే రామ్ సెకనుకు రెండు సెంటీమీటర్ల పైనే దిగుతుంది. అదే పంపుకి 200 మి.మీ. సిలిండర్ తగిలించండి: 50 టన్నులొస్తాయి, వేగం సెకనుకు 8 మి.మీ.కి పడిపోతుంది. స్క్రాప్‌లో చవగ్గా దొరికిందని నా మొదటి ప్రెస్‌కి ఆ 200 సిలిండరే వేశాను. మా నాన్న దాగలి మీద సమ్మెటతో సాగదీసే పట్టీయే నాకన్నా ముందు పూర్తయ్యేది. ఏడాదికి విప్పేసి 125 వేశాను.

డై సంగతి ఇంకా ముఖ్యం. 6 సెం.మీ. వెడల్పున్న పట్టీని 10 సెం.మీ. చదును డైతో నొక్కితే 20 టన్నులూ 60 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటాయి. ఒక్కో చదరపు సెంటీమీటరుకు పడేది 333 కిలోలే. 2 సెం.మీ. డై పెడితే అదే ప్రెస్‌తో అయిదు రెట్లు పడుతుంది. అందుకే ఆ కుర్రాడితో అన్నాను: "ఇంకో జాకీ కొనొద్దు తమ్ముడూ. అంచులు గుండ్రం చేసిన సన్నటి డై పెట్టు. ఫ్రేమ్ ఒకసారి చూస్తాను, బాగుంటే దానికే తర్వాత పంపూ మోటారూ బిగిద్దాం. డబ్బంతా పోయిందని అనుకోకు."

మిగతావి గబగబా చెప్పేస్తాను. పైన చెప్పిన పంపుకి 7.5 హెచ్‌పీ మోటారు కావాలి. ఇంటి మామూలు సింగిల్ ఫేజ్ మీటరు మీద నడపాలని చూడొద్దు, సిలిండర్ కొనకముందే త్రీ ఫేజ్ సంగతి కనుక్కోండి. వాడేసిన ఇంజనాయిల్ పొయ్యొద్దు. దాన్లోని మురికి పంపునీ వాల్వునీ తినేస్తుంది. 46 లేదా 68 గ్రేడ్ హైడ్రాలిక్ ఆయిల్ పోయండి. రిలీఫ్ వాల్వ్ అంటే ప్రెషర్ హద్దు దాటితే నూనెను వెనక్కి వదిలేది; దాన్ని ఇంకా బిగించి టన్నులు పెంచుకోమని చెప్పేవాళ్ల మాట అసలు వినకండి. పైపులూ ఫ్రేమూ తట్టుకునే హద్దును కాపాడేది అదే.

బొబ్బిలి దగ్గర ఒకమ్మ కొడుకు కట్టుకున్న ప్రెస్ చూసి భయపడింది. "ఇది గేసు బండలా పేలిపోద్దా బాబూ?" అని అడిగింది. ఆవిడ భయాన్ని తీసిపారేయలేను. గాలిలా నూనె నొక్కుకుపోదు, అందుకే ఎక్కడైనా పగిలితే ప్రెషర్ వెంటనే పడిపోతుంది, బండలా పేలదు. కానీ పైపు చిట్లి నూనె తుంపర్లు ఎర్రటి ఇనుము మీద పడితే భగ్గుమంటుంది. అందుకే పైపుల్ని వెనక నుంచి తిప్పించి, ముందు రేకు అడ్డం కట్టించాను.

లీకేజీ ఎక్కడుందో వేలితో తడిమి చూడటం మాత్రం ఎవరూ చేయకండి. సూది బెజ్జమంత చిల్లు నుంచి ఆ ప్రెషర్‌లో వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అట్టముక్క పట్టి చూడండి. పొరపాటున గుచ్చుకుంటే పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా ఉండకపోవచ్చు. రేపు చూద్దాంలే అనుకోకుండా అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి వెళ్లి, "ప్రెషర్ ఆయిల్ లోపలికెళ్లింది" అని డాక్టరుకు ఆ మాటే చెప్పండి. గంటలు గడిచేకొద్దీ వేలు దక్కడం కష్టమవుతుంది.