గిద్దలూరు రచ్చబండ ఎకసెక్కాల వెనక డెబ్బై ఏళ్ల తగువు

గిద్దలూరు, కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట, కంభం. పశ్చిమ ప్రకాశం అని మనం అలవాటుగా పిలుచుకునే ఈ మెట్ట మండలాల్లో మిలట్రీలో చేసి వచ్చినవాళ్లు ఎదురుపడని ఊరు అరుదు. వానొస్తేనే పంట, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం తరాల ఎదురుచూపు, పక్కనే గుంటూరు–గుంతకల్లు రైలు. పది పాసైన కుర్రాడికి తెల్లారుజామున రోడ్డు మీద పరుగు తీయడం ఇక్కడ చదువులో భాగమే.

పింఛను మీద ఊరికొచ్చాక మూడు దళాల వాళ్లూ ఒకే అరుగు మీదికి చేరతారు. అక్కడ మొదలవుతుంది.

"ఏం బావా, మీ ఎయిర్‌ఫోర్సులో చేతికి మట్టంటిందా ఎప్పుడన్నా?"

"మట్టి మీకు, మిషన్లు మాకు. చదువుకోమంటే పరుగెత్తితిరి గదా!"

నేవీ ఆయన ఉంటే ఆయనకూ ఒక వాటా. ఓడెక్కి ఊళ్లు చూసొచ్చాడే తప్ప తుపాకీ ఎత్తింది లేదంటారు. ఆర్మీ వాళ్లలో వాళ్లకే మళ్లీ మెట్లున్నాయి. ఇన్‌ఫాంట్రీ ఆయనకు సప్లై కోర్ వాళ్లు బియ్యం మూటల లెక్కగాళ్లు, గుమాస్తాలు బాబులు. ఇంజినీర్ రెజిమెంట్లో చేసిన తంబీకి వీళ్లంతా తాను వేసిన వంతెన మీద నడిచినవాళ్లే.

ఇవి సరదా మాటలే. కానీ వీటిలో ఒక్కటీ గాల్లోంచి పుట్టలేదు. ఏ దళం ముందు పెరిగింది, హెలికాప్టర్ ఎవరి చేతికి పోయింది, ఎవరి జీతంలో ఏ అంకె కలిసింది, ఆ తగువులే ఊరి అరుగు దాకా వచ్చేసరికి మనుషుల గుణగణాలుగా మారాయి.

బ్రిటిష్ కాలంలో ఇండియాకు కమాండర్ ఇన్ చీఫ్ ఒక్కడే, సాధారణంగా ఆర్మీ జనరల్. నౌకాదళం, 1932 అక్టోబరు 8న పుట్టిన వైమానిక దళం ఆయన నీడలోనే ఉండేవి. 1947 ఆగస్టు 15న మూడింటికీ వేరువేరు అధిపతులు వచ్చారు. ఆర్మీ జనరల్ మిగతా ఇద్దరితో సమానమయ్యాడు. ఆయన నివాసంగా కట్టిన తీన్ మూర్తి భవనంలోకి నెహ్రూ మారారు. 1955లో కమాండర్ ఇన్ చీఫ్ అనే హోదానే తీసేశారు. సైన్యం మొత్తం ఒక్కడి చేతిలో ఉండకూడదన్న జాగ్రత్త అందులో ఉంది, పక్కనున్న దేశాల్లో తర్వాత జరిగింది చూస్తే అది మంచి జాగ్రత్తే. అయితే ముగ్గురినీ సమానం చేసినవాళ్లు ముగ్గురి మధ్య మాట కుదిర్చే వ్యవస్థను మాత్రం గట్టిగా కట్టలేదు.

సమానత్వం కూడా కాగితం మీదే. ఆర్మీకి తొలి భారతీయ అధిపతిగా కరియప్ప 1949 జనవరిలో వచ్చారు. వైమానిక దళానికి సుబ్రతో ముఖర్జీ రావడానికి 1954 పట్టింది. నౌకాదళానికి రామదాస్ కటారి వచ్చేసరికి 1958. అంతవరకు ఆ రెండు దళాలకూ బ్రిటిష్ వాళ్లే పెద్దలు. నేటికీ ఆర్మీలో సుమారు 12 లక్షల మంది ఉంటే, వైమానిక దళంలో లక్షన్నరకు కాస్త తక్కువ, నౌకాదళంలో డెబ్బై వేల చిల్లర. ఉమ్మడి కుటుంబంలో పెద్దకొడుకు తీరు, చిన్నవాళ్ల ఉక్రోషం రెండూ ఈ అంకెల్లోనే ఉన్నాయి.

యుద్ధాలు ఆ ఉక్రోషానికి ఆధారాలిచ్చాయి. 1962లో చైనాతో పోరులో మన యుద్ధ విమానాలను దాడికి వాడనే లేదు. ఆర్మీ ఒంటరిగా దెబ్బతింది. "అప్పుడు మీరెక్కడ?" అని ఎయిర్‌ఫోర్సు వాళ్లను అడగడం ఆనాటి నుంచి మొదలు. ఆపింది ప్రభుత్వ నిర్ణయం, పైలట్లు కాదు. ఆ సంగతి అరుగు మీద ఎవరికి పడుతుంది! 1965 సెప్టెంబరు 1న ఛంబ్‌లో ఆర్మీ ఇరుకున పడ్డాక సాయంత్రం విమానాలను పిలిచారు. కాలం చెల్లిన వాంపైర్లు వెళ్లాయి, నాలుగు కూలిపోయాయి. అదే నెల 7వ తేదీ రాత్రి పాకిస్తాన్ ఓడలొచ్చి ద్వారక మీద గుండ్లు కురిపించి పోయాయి. పోరుబందరుకు ఉత్తరాన దాడికి దిగొద్దని మన నౌకాదళానికి అప్పటికే కట్టడి ఉంది, విమానాలు మోసే ఓడ విక్రాంత్ మరమ్మతుల్లో ఉంది. ఆ అవమానాన్ని నౌకాదళం ఆరేళ్లు మోసి, 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీ మీద క్షిపణి పడవలతో తీర్చుకుంది. నేవీ డే ఆ తేదీనే జరుపుకోవడం ఊరికే కాదు.

1971లో ముగ్గురు అధిపతులు మానెక్ షా, నందా, పీసీ లాల్ కలిసి పనిచేశారు, గెలిచారు. 1973 జనవరిలో ఫీల్డ్ మార్షల్ గౌరవం మాత్రం ఆర్మీ అధిపతి మానెక్ షాకు దక్కింది. మూడు దళాల మీదా ఒక పెద్ద ఉండాలన్న ఆలోచన ఆ రోజుల్లోనూ నలిగింది కానీ ముందుకు పోలేదు.

తర్వాతి తగువులు పత్రికల్లో అంతగా రాలేదు. నాకైతే అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది. ఆకాశంలో ఎగిరేదంతా వైమానిక దళానిదేనా అన్నది ప్రశ్న. సముద్రం మీద నిఘా తిరిగే సూపర్ కాన్‌స్టెలేషన్ విమానాలు మొదట వైమానిక దళం దగ్గరుండేవి. సముద్రం మాది, దాని మీద చూపు కూడా మాదే కావాలని నౌకాదళం పోరాడి 1976లో వాటిని తెచ్చుకుంది. ఆర్మీకి తన ఏవియేషన్ కోర్ 1986 నవంబరు 1న వచ్చింది, అదీ చిన్న హెలికాప్టర్ల వరకే. దాడి చేసే హెలికాప్టర్లు వైమానిక దళం దగ్గరే ఉండిపోయాయి. రెండు వాదనల్లోనూ పస ఉంది. ఉన్నవే కొన్ని, వాటిని ముక్కలుగా పంచితే ఎక్కడా చాలవని వైమానిక దళం. కాల్పులు మొదలయ్యాక ఇంకో దళం ఫోను ఎత్తేదాకా ఆగలేమని ఆర్మీ. కొత్తగా కొనే దాడి హెలికాప్టర్లు ఆర్మీకే అని 2012లో నిర్ణయం జరిగింది. తీరా 2015లో ఒప్పందమైన 22 అపాచీ దాడి హెలికాప్టర్లు వైమానిక దళానికే వెళ్లాయి. ఆర్మీకి విడిగా 6 కొనడానికి 2020లో ఒప్పందం కుదిరితే, మొదటివి 2025 జులైలో దిగాయి. ఒకే రకం హెలికాప్టరు, రెండు దళాలకు రెండు ఒప్పందాలు.

కార్గిల్‌లో ఇదే పేచీ కొండల మీద బయటపడింది. 1999 మే నెలలో ఆర్మీ హెలికాప్టర్లు అడిగింది. ఆ ఎత్తులో అవి సులువుగా దెబ్బతింటాయని, విమానాలు దింపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని ఎయిర్ చీఫ్ టిప్నిస్ పట్టుబట్టారు. మే 26న దాడులు మొదలయ్యాయి. మరో రెండు రోజుల్లో ఒక మిగ్-21, ఒక మిగ్-27, ఒక ఎంఐ-17 హెలికాప్టరు పోయాయి. ఆయన చెప్పిన ప్రమాదం నిజమే. కానీ కొండ కింద చచ్చిపోతున్న జవాన్లకు ఆ ఆలస్యం ఎలా కనిపించి ఉంటుందో వేరే చెప్పాలా? కార్గిల్ నుంచి తిరిగొచ్చిన ఆర్మీ వాళ్లు ఈ మాట ఎత్తితే ఎకసెక్కం పోయి గొంతు మారుతుంది.

కార్గిల్ లోపాలు చూసిన సుబ్రహ్మణ్యం కమిటీ, దాని మీద మంత్రుల బృందం 2001 నివేదిక వచ్చాక అండమాన్‌లో తొలి ఉమ్మడి కమాండ్ పెట్టారు. మూడు దళాలకూ పెద్దగా ఉండే సీడీఎస్ (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) పదవి 2020 జనవరి 1న బిపిన్ రావత్‌తో గానీ మొదలు కాలేదు. 2021 జులైలో ఆయనే వైమానిక దళాన్ని ఫిరంగి దళం, ఇంజినీర్లతో పోల్చి సహాయక విభాగం అన్నారు. ఎయిర్ చీఫ్ భదౌరియా అదే రోజు కాదన్నారు. మన బావల మాటలకీ దీనికీ తేడా హోదా ఒక్కటే. మూడు దళాలనూ ప్రాంతాలవారీ ఉమ్మడి కమాండ్ల కిందికి తెచ్చే థియేటర్ ప్రతిపాదన మీద 2025 ఆగస్టులో మహూ సమావేశంలో ఎయిర్ చీఫ్ ఏపీ సింగ్ తొందర వద్దన్నారు. ఉన్న కొద్ది విమానాలు ముక్కలైపోతాయన్న భయం పాతదే.

జవాను స్థాయిలో మాత్రం కొట్లాట జీతం, పింఛను, చదువు దగ్గర. ఆర్మీ జనరల్ డ్యూటీకి పది చాలు, 1.6 కిలోమీటర్ల పరుగే పెద్ద గండం. ఎయిర్‌ఫోర్సుకు, నేవీలో ఎక్కువ ఉద్యోగాలకు ఇంటర్ కావాలి, అందులో ఎక్కువగా లెక్కలు, ఫిజిక్సు అడుగుతారు. కాలేజీ అందుబాటులో ఉన్న ఒంగోలు, నెల్లూరు పిల్లలకు ఆ దారి సులువు, పడమటి పల్లెల పిల్లలకు పరుగు దారి సులువు. చదువుకున్నోళ్లు, మోటోళ్లు అన్న ముద్ర అక్కడ పడిందే. ఏడో వేతన సంఘం మూడు దళాల జవాన్లకూ ఒకటే 5,200 రూపాయల మిలట్రీ సర్వీస్ పే ఇచ్చింది. కానీ డిప్లొమా స్థాయి సాంకేతిక నిపుణులకు ఎక్స్ గ్రూపు కింద ఇంకో 6,200 ఉంది. ఆ గ్రూపు వాళ్ల వాటా ఎయిర్‌ఫోర్సు, నేవీలలో ఎక్కువ. నాలుగేళ్ల కొలువు పథకం అగ్నిపథ్‌కు ముందు చేరినవాళ్లలో మామూలుగా నేవీ ఆయన 15 ఏళ్లకు, ప్రమోషన్ రాని సిపాయి 17 ఏళ్లకు, ఎయిర్‌ఫోర్సు ఆయన 20 ఏళ్లకు బయటికొస్తారు. ఇక హోదా గొడవ పెళ్లిళ్లలో చూడాలి. ఆర్మీ హవల్దారు, నేవీ పెట్టీ ఆఫీసరు, ఎయిర్‌ఫోర్సు సార్జెంటు ఒకటే మెట్టు. ఆ పై మెట్టు మీది నాయబ్ సుబేదారు మాత్రం "సాబ్". తెల్ల అధికారికీ సిపాయికీ మధ్య బ్రిటిష్ వాళ్లు పెట్టిన పొర అది. నేవీలో అదే మెట్టు మీదున్న చీఫ్ పెట్టీ ఆఫీసరుకు ఆ దర్జా ఊళ్లో ఎవరిస్తారు?

సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వాళ్లు ఈ అరుగు చివర కూర్చుంటారు. నెల్లూరు వైపు కృష్ణపట్నంలో కనిపించే కోస్ట్‌గార్డు వాళ్లదీ దాదాపు అదే గతి. రక్షణ శాఖ కిందే ఉన్నా మాజీ సైనికుల నిర్వచనంలోకి రారు. సీఆర్పీఎఫ్ ఆయన కశ్మీర్‌లోనో బస్తర్‌లోనో ఎన్ని కాల్పులు చూసినా హోంశాఖ మనిషే. 2004 జనవరి 1 తర్వాత చేరితే పాత పింఛను లేదు, సైనికులకు ఉంది. అన్నిటికంటే న్యాయమైన గొడవ వీళ్లదని నా అభిప్రాయం. ఎకసెక్కాల్లో కూడా వీళ్లకు చోటు తక్కువ.

దక్షిణాది వాళ్లందరికీ కలిపి ఇంకో ముద్ర ఉంది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాన్ని నడిపిన రాబర్ట్స్, ఆ తర్వాత మొత్తం సైన్యాధిపతై, మద్రాసు సిపాయి యుద్ధానికి పనికిరాడన్నాడు. మద్రాసు పటాలాలు తగ్గిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు కావలసొచ్చినప్పుడు మద్రాస్ రెజిమెంట్‌ను మళ్లీ నిలబెట్టారు. గిద్దలూరు ఆయనైనా, కావలి ఆయనైనా ఉత్తరాది యూనిట్లో నేటికీ "మద్రాసీ"యే. అక్కడ ఆర్మీ, నేవీ తేడా ఉండదు.

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ మూడు దళాలనూ ఒక విషయంలో ఒకటి చేసింది. అందరికీ నాలుగేళ్లే, మొదటి ఏడు నెలకు 30,000, నాలుగో ఏడు 40,000. పింఛను ఎవరికీ లేదు. నాలుగో వంతు మందినే ఉంచుకుంటారు. మిగతావాళ్లు ఇంటికొచ్చాక మాజీ సైనికులుగా లెక్కలోకి రారు, మాజీ సైనికులకిచ్చే ఈసీహెచ్‌ఎస్ వైద్యం లేదు, క్యాంటీన్ కార్డు లేదు. నేవీ తొలి అగ్నివీరులు 2023 మార్చి 28న ఒడిశాలోని చిలికాలో శిక్షణ ముగించుకున్నారు. ఆ తొలి జట్ల గడువు 2026 చివర్లో, 2027 మొదట్లో తీరుతుంది.