మాంద్యం భయం, ఇంటి బడ్జెట్: అపోహలు – వాస్తవాలు

మాంద్యం మాట వినబడగానే చాలా ఇళ్లలో ముందు కోత పడేది సినిమాలకీ షికార్లకీ. నెలనెలా పోయే వాయిదాల జోలికి ఎవరూ వెళ్లరు. జీతం ఆగినప్పుడు ఇంటిని ముంచేవి మాత్రం ఆ వాయిదాలే. కాబట్టి ఎంత ఖర్చు పెడుతున్నామన్నదాని కన్నా, అందులో ఎంత భాగాన్ని ఎన్ని రోజుల్లో ఆపగలమన్నది ముందు తేల్చుకోవాలి. కింది అపోహల్లో చాలావరకు ఈ లెక్క వేయకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: మాంద్యం వచ్చిందని అధికారికంగా చెప్పాక సర్దుకోవచ్చు

అమెరికాలో మాంద్యం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో నిర్ధారించేది నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ రీసెర్చ్. 2007 డిసెంబరులో ఆర్థిక వ్యవస్థ దిగజారడం మొదలైతే, ఆ సంగతి ఈ సంస్థ ప్రకటించింది 2008 డిసెంబరు 1న. అంటే దాదాపు ఏడాది తర్వాత. ముగింపు దగ్గరా ఇదే తంతు. షేర్ మార్కెట్ 2009 మార్చిలో అడుగు తాకి లేచింది. మాంద్యం జూన్‌లో ముగిసింది. నిరుద్యోగం మాత్రం అక్టోబరు దాకా పెరుగుతూ పోయి 10 శాతానికి చేరింది. ఉద్యోగాలు తేరుకునేది అన్నిటికన్నా చివర. అందుకే 'గండం గడిచింది' అన్న వార్త చూసి కొత్త అప్పు మీద సంతకం పెట్టకూడదు.

దేశం లెక్కల కన్నా పనిచేసే చోట కనబడే గుర్తులు ముందుగా చెబుతాయి. మొదట ఓవర్‌టైమ్ ఆగుతుంది. వెళ్లిపోయినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తీసుకోరు. కాంట్రాక్టు సిబ్బందికి గడువు పొడిగించరు. బోనస్ 'వచ్చే త్రైమాసికానికి' జరుగుతుంది. సరఫరాదారులకు 30 రోజుల్లో బిల్లు కట్టే సంస్థ 60, 90 రోజులకు లాగడం మొదలుపెడితే అది అన్నిటికన్నా గట్టి హెచ్చరిక. ఈ సంగతి అకౌంట్స్ విభాగంలో వాళ్లకు ముందే తెలుస్తుంది.

అపోహ: ఆరు నెలల జీతం దాచుకుంటే చాలు

జీతంతో లెక్క వేయడమే తప్పు. వేయాల్సింది లోటుతో. ఇంటి మొత్తం ఆదాయం నెలకు 100 అనుకోండి. ఒకరి సంపాదన 60, మరొకరిది 40. ఖర్చు 85. దాన్ని మూడు వరుసలుగా రాస్తే: ఆపలేనివి 50 (అద్దె లేదా ఇంటి వాయిదా, తిండి, మందులు, ఫీజులు), తగ్గించగలిగేవి 25, పూర్తిగా వాయిదా వేయగలిగేవి 10. పొదుపు 150 ఉంది.

60 తెచ్చే ఉద్యోగం పోయింది. రెండో వరుసలో 10 తగ్గించి, మూడో వరుస మొత్తం ఆపితే ఖర్చు 65కి దిగుతుంది. వచ్చేది 40, నెలకు లోటు 25. పొదుపు సరిగ్గా 6 నెలలు ఆడుతుంది. అదే, పోయింది 40 తెచ్చే ఉద్యోగమైతే లోటు 5 మాత్రమే, 30 నెలలు నెట్టుకురావచ్చు. ఇద్దరిదీ ఒకే సంస్థో ఒకే రంగమో అయి, రెండూ ఒకేసారి పోతే లోటు 65. రెండు నెలల పైచిలుకే. కాబట్టి ఆలుమగలు ఒకే రంగంలో ఉన్న ఇంటికి రెండు జీతాలున్నా ధైర్యం ఒక జీతపు ఇంటికి ఉన్నంతే. అలాంటివాళ్లు ఇతరుల కన్నా ఎక్కువ నిల్వ పెట్టుకోవాలి.

ఇక్కడ జరిగే అసలు తప్పు ఆలస్యం. 'వచ్చే నెల ఏదో ఒకటి దొరుకుతుందిలే' అని కోతలు రెండు నెలలు వాయిదా వేస్తే, నెలకు 45 చొప్పున 90 కరిగిపోతుంది. మిగిలిన 60, ఆ తర్వాత కోతలు పెట్టినా, 2.4 నెలలే వస్తుంది. మొత్తం కలిపి 4.4 నెలలు. అదే పొదుపు, అదే ఇల్లు, నెలన్నరకు పైగా ఆయువు పోయింది. ఉద్యోగం పోయిందని పిల్లలకో పెద్దవాళ్లకో చెప్పలేక ఎప్పటిలాగే ఖర్చు పెట్టే ఇళ్లు ఈ లెక్కలోనే దెబ్బతింటాయి.

వరుసలు రాసేటప్పుడు ఒక నెల స్టేట్‌మెంట్ చూస్తే సరిపోదు. 12 నెలలవి తీసి, ఏడాదికోసారి పడే ప్రీమియాలు, పన్నులు, ఫీజులు, మరమ్మతులు కూడి 12తో భాగించి నెల ఖర్చులో కలపాలి. మన అంచనాకీ అసలు ఖర్చుకీ తేడా వచ్చేది ఎక్కువగా ఈ పద్దు దగ్గరే. డబ్బు దాచేటప్పుడు ఒక నెల ఖర్చు పొదుపు ఖాతాలో ఉంచి, మిగతాది ఒకే పెద్ద డిపాజిట్‌గా కాకుండా మూడు నాలుగు చిన్నవిగా, వేర్వేరు గడువులతో వేయండి. ఒకటి మధ్యలో తీసినా మిగతా వాటి వడ్డీ పోదు.

అపోహ: చేతిలో డబ్బుంటే ముందు అప్పు తీర్చేయాలి

ఏ అప్పు అన్నది చూడాలి. కార్డు బకాయి నెలకు 3 శాతం వడ్డీతో పెరుగుతుంటే, చక్రవడ్డీతో ఏడాదికి 42.6 శాతం అవుతుంది. దాన్ని వదిలించుకోవాల్సిందే. ఇంటి రుణం అలా కాదు. పన్నెండు వాయిదాలకు సరిపడా సొమ్ము ఒకేసారి కట్టేసినా, బ్యాంకులు సాధారణంగా రుణం గడువును తగ్గిస్తాయి తప్ప వచ్చే నెల వాయిదాను మాఫీ చేయవు. చేతిలో డబ్బు అయిపోయింది, వాయిదా మాత్రం తేదీకి వచ్చి నిలబడింది! కష్టం ముందుందని తోస్తే ఆ సొమ్ము చేతిలో ఉంచుకోవడమే మేలు. కట్టే తీరాలనుకుంటే, గడువు బదులు నెల వాయిదా తగ్గించమని రాతపూర్వకంగా అడగండి.

వాయిదా కట్టలేమని తెలిసిన రోజే రుణం ఇచ్చినవాళ్లతో మాట్లాడాలి, తప్పిన తర్వాత కాదు. అడగాల్సినవి: కొన్ని నెలలు వడ్డీ మాత్రమే కట్టే వీలుందా, గడువు పొడిగించి వాయిదా తగ్గిస్తారా, వాయిదాలు ఆపితే ఆ కాలానికి వడ్డీ అసలుకు కలుస్తుందా, ఇది క్రెడిట్ రికార్డులో ఎలా నమోదవుతుంది. ఫోన్‌లో సరేనన్న మాటకు విలువ లేదు, ఈమెయిల్ తీసుకోండి. మరొకరి అప్పుకు జామీను సంతకం పెట్టి ఉంటే అదీ మీ జాబితాలో ఉండాలి. మాంద్యంలో మీతోపాటు వాళ్లకూ ఇబ్బందే కదా.

అపోహ: కార్డు లిమిట్ ఉందిగా, అదే అత్యవసర నిధి

లిమిట్ మీ సొత్తు కాదు. 2008–09లో అమెరికా బ్యాంకులు కార్డు పరిమితులనూ, ఇంటి హామీ మీద ఇచ్చే రుణ పరిమితులనూ పెద్దఎత్తున కోసేశాయి. అందరికీ అవసరమైన రోజునే అది కుంచించుకుపోతుంది.

అపోహ: ఇన్సూరెన్స్ ఆపితే వెంటనే మిగులు

సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా చాలాచోట్ల ఉద్యోగంతోనే పోతుంది. అలాంటప్పుడు సొంత పాలసీని కూడా ఆపేస్తే, ఇంట్లో ఒక ఆసుపత్రి బిల్లు పొదుపులోని ఆ 150నీ వారంలో మింగేస్తుంది. పాలసీ మురిగాక మళ్లీ తీసుకుంటే వయసు పెరిగి ప్రీమియం పెరుగుతుంది, కొన్ని జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటికొస్తుంది. ప్రీమియం భారమైతే బిల్లులో ముందుగా మనం భరించే మొత్తాన్ని పెంచుకుని ప్రీమియం తగ్గించుకోవడం ఒక దారి. కోత తప్పదంటే పొదుపు కలిపిన పాలసీల వైపు చూడండి. పొదుపు లేకుండా ప్రాణానికి మాత్రమే బీమా ఇచ్చే టర్మ్ పాలసీని కదపవద్దు.

అపోహ: ఉన్నచోట కదలకుండా ఉంటే క్షేమం

సగమే నిజం. చాలా సంస్థల్లో తీసేటప్పుడు చివర చేరినవాళ్లను ముందు తీస్తారు, పైగా ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు నోటీసు గడువు తక్కువ. అందుకని 10 శాతం జీతం కోసం ఇప్పుడు మారడం లాభసాటి కాకపోవచ్చు. కానీ పైన చెప్పిన గుర్తుల్లో మూడు కనబడుతున్న సంస్థలో కూర్చోవడమూ క్షేమం కాదు. కొత్త సంస్థకు డబ్బు ఎవరి నుంచి వస్తుందో చూడండి. ఒకే పెద్ద క్లయింటు మీద ఆధారపడిందా? జనం వాయిదా వేసుకోగల వస్తువులు అమ్ముతుందా? పాత చోట సర్వీసును బట్టి వచ్చే పరిహారం ఎంత వదులుకుంటున్నారో కూడా కాగితం మీద పెట్టండి.

ఇంట్లో రెండోవారు పనిలో చేరాలనుకుంటే చేతికి మిగిలేది చూడాలి. జీతం 40, ప్రయాణానికి 6, పిల్లల సంరక్షణకు 14, బయటి తిండికీ ఇంటి సాయానికీ 4 పోతే మిగిలేది 16, అదీ పన్నుకు ముందు. ఆ 16 మీ లోటును పూడుస్తుందా అన్నదే ప్రశ్న. నెలకు 25 లోటున్న ఇంట్లో అది 9కి దిగుతుంది కాబట్టి అక్కడ ఉపయోగమే. ఫ్రీలాన్స్ పని అయితే బిల్లు పెట్టాక సొమ్ము రావడానికి 30 నుంచి 60 రోజులు పడుతుంది. ఉద్యోగం పోయాక మొదలుపెడితే మొదటి చెల్లింపు మూడో నెలలో. ఒప్పందం అనుమతిస్తే ముందే ఒక క్లయింటును సంపాదించుకోండి.

అపోహ: ఏదీ కొనకూడదు, ఏదీ బాగుచేయించకూడదు

కొత్త వాహనం ఆగుతుంది, పాతదాని బ్రేకులు ఆగవు. కారుతున్న పైకప్పు, పుచ్చిన పన్ను కూడా అంతే. ఆలస్యమయ్యేకొద్దీ ఖర్చు పెరిగేవి ఆపలేని వరుసలోకే వస్తాయి. 'అందరూ పొదుపు చేస్తే దేశం మునుగుతుంది' అన్న వాదన ఒకటుంది. పొదుపు వైరుధ్యం పేరుతో ఆర్థికవేత్త కీన్స్ ప్రచారంలోకి తెచ్చిన సంగతే. అది ప్రభుత్వాలు చూసుకోవాల్సిన లెక్క, దాని కోసం ఒక ఇల్లు తన నిల్వను తగలేసుకోనక్కర్లేదు.

అపోహ: షేర్లన్నీ ముందే అమ్మేయాలి

2007 అక్టోబరు నుంచి 2009 మార్చి దాకా అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 సుమారు 57 శాతం పడింది. అంత పడినది మళ్లీ మొదటికి రావాలంటే 133 శాతం పెరగాలి. రెండు మూడేళ్లలో అవసరమయ్యే సొమ్ము అక్కడ ఉండకూడదన్నది నిజమే. మిగతాది అమ్మితే మళ్లీ ఎప్పుడు కొనాలో కూడా తెలియాలి. మాంద్యం ముగియకముందే మార్కెట్ లేచిన సంగతి పైన చూశాం.

కోతల క్రమాన్ని జీతం వస్తున్న రోజుల్లోనే, ఇంట్లో అందరూ కూర్చుని రాసుకోవాలి. ఓవర్‌టైమ్ ఆగితే వాయిదా వేయగలిగే 10 ఆగుతుంది. బోనస్ వాయిదా పడితే తగ్గించగలిగే వాటిలో 10 పోతుంది. ఉద్యోగం పోయిన వారంలోనే రుణదాతలకు ఫోన్. కొత్త పని దొరికితే మొదటి జీతానికే ఇవన్నీ ఎత్తేయకండి. ప్రొబేషన్ ముగిసేదాకా ఖర్చు 65 దగ్గరే ఉంచి, మిగిలేదాన్ని ముందు ఖాళీ అయిన డిపాజిట్లలోకి తిరిగి వేయండి.