కష్టం ఉద్యమంగా మారేదెప్పుడు?

ప్రియమైన పిల్లలకు,

టీవీలో ధర్నాలు చూసి, "అంత కష్టంగా ఉంటే వీళ్లు ముందే ఎందుకు అడగలేదు తాతయ్యా?" అన్నారు కదా. మంచి ప్రశ్నే. కష్టం ఏళ్ల తరబడి ఉంటుంది, ఉద్యమం మాత్రం ఏదో ఒక రోజున మొదలవుతుంది. ఆ మధ్యలో ఏం జరుగుతుందో చెప్పాలంటే నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలుపెట్టాలి.

1990ల మొదట్లో అక్కడ కూలి డబ్బులు సాయంత్రమయ్యేసరికి సారా ప్యాకెట్లకు పోయేవి. ఇంట్లో బియ్యం నిండుకునేవి, పైగా దెబ్బలు. ఎవరికి వారు తమ నుదుటి రాత అనుకుని నాలుగు గోడల మధ్యే ఏడ్చేవారు. అప్పుడే జిల్లాలో అక్షరాస్యత కార్యక్రమం వచ్చింది. అక్కడి పాఠాల్లో సారా గురించీ ఒకటుంది. అది చదువుతూ మాట్లాడుకుంటుంటే, అందరి ఇళ్లలో జరుగుతున్నది ఒక్కటేనని తేలింది. 1992లో వర్ధినేని రోశమ్మ లాంటి వాళ్లు ముందు నిలబడ్డారు. ఊళ్లోకి సారా రానివ్వలేదు. ఆయుధాలంటారా, చీపుళ్లూ కారప్పొడీ! తాగొచ్చిన మొగుడికి అన్నం పెట్టేది లేదన్నారు. ఈ సంగతి ఊరూరా పాకి, సారా అమ్ముకునే హక్కు కోసం జరిగే వేలంపాటలనే అడ్డుకునేదాకా వెళ్లింది. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. ఇందులో నాయకులు, పార్టీలు చేసిందీ కొంత ఉంది. కానీ నన్నడిగితే, అసలు పని చేసింది ఆడవాళ్లంతా ఒకచోట కూర్చునే ఆ చదువుల వేళే.

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో అలా అందరూ కలిసి కూర్చునే చోటు చర్చి. అక్కడి సిటీ బస్సుల్లో ముందు సీట్లు తెల్లవాళ్లవి. నల్లవాళ్లు వెనక కూర్చోవాలి, డ్రైవర్ చెబితే లేవాలి. 1955 డిసెంబర్ 1న బట్టలు కుట్టే పని చేసే రోజా పార్క్స్ లేవనంది. అరెస్టు చేశారు. ఆ రాత్రికి రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచర్ వేల కరపత్రాలు అచ్చు తీసింది. సోమవారం నుంచి నల్లవాళ్లు బస్సెక్కడం మానేశారు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, 381 రోజులు! నడిచారు, కార్లలో సర్దుకుని వెళ్లారు. మరి పెట్రోలుకు డబ్బులో? జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి, మరికొందరు ఆడవాళ్లు కోడి వేపుళ్లు, కేకులు చేసి అమ్మి చందా ఇచ్చేవారు. పేర్లు బయటపడితే ఇళ్లలో పని పోతుంది. అందుకని డబ్బెక్కడిదని ఎవరైనా అడిగితే "ఎక్కడి నుంచీ రాలేదు" అనేవారు. ఈ ఉద్యమాన్ని ముందుండి నడిపిన మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగాల గురించి మీ పుస్తకాల్లో ఉంటుంది. ఈ వంటింటి సంగతి ఉండదు, అందుకే ఇంతగా రాస్తున్నాను. చివరికి సుప్రీంకోర్టు బస్సుల్లో ఆ వివక్ష చెల్లదంది.

అర్జెంటీనాలో 1976లో సైన్యం అధికారం లాక్కుంది. ఎదిరించిన యువతీయువకులను ఎత్తుకుపోతే, వాళ్లు మాయమైపోయారు. 1977 ఏప్రిల్‌లో అలా మాయమైనవాళ్ల తల్లులు కొందరు, మా పిల్లలేరని అడుగుతూ రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో ప్రభుత్వ భవనం ముందున్న చౌక్‌లో చేరారు. గుంపుగా నిలబడొద్దు, కదలండి అన్నారు పోలీసులు. సరే, కదిలారు. ఆ చౌక్ చుట్టూనే తిరగడం మొదలుపెట్టారు! ఆ తర్వాత గుర్తుగా తలకు తెల్లగుడ్డ కట్టుకున్నారు. మొదట్లో అవి పిల్లలకు వాడే లంగోటీ గుడ్డలు. వాళ్లను నడిపించిన అసుసెనా విల్యాఫ్లోర్‌నూ అదే ఏడాది డిసెంబర్‌లో ఎత్తుకుపోయి చంపేశారు. మిగతా తల్లులు నడక ఆపలేదు.

అన్నీ గెలిచాయని, గెలిచింది నిలిచిందని అనుకోకండి. మన రాష్ట్రంలో సారాతో ఆగకుండా 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లోనే ఎత్తేశారు. మీలో ఎవరికైనా నెల్లూరు వైపు అమ్మమ్మలు, నాయనమ్మలు ఉంటే, ఆ రోజుల్లో వాళ్ల ఊళ్లో సారా దుకాణం దగ్గర ఏం జరిగిందో అడగండి. విన్నది నాకూ రాయండి.

దీవెనలతో,
మీ తాతయ్య